చిన్నమ్మ కొంగు
మా చిన్నమ్మ నవ్వితే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పుట్టింది నల్లగొండ వైపు. పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు. పెళ్ళిచూపుల్లో "పిల్ల పళ్ళు తోముకోదా?" అన్నారట.

తప్పు తోమడంలో లేదు, తాగిన నీళ్ళలో ఉంది. ఇలాంటి మచ్చలకు ఫ్లోరైడే కారణమని అమెరికాలో 1931లోనే తేలింది. 1937లో మన నెల్లూరు వైపు పల్లెల్లో అదే ఫ్లోరైడ్ ఎముకలను పాడు చేస్తున్నదని డాక్టర్లు రాశారు. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే పూత గట్టిగా పట్టుకుంటుందని 1955లో బ్యూనొకోర్ చూపాడు. ఇప్పటి బాండింగ్‌కు అదే పునాది.

మొన్న పెద్దపల్లిలో మా అమ్మాయి "డాక్టరుకు చూపిద్దాం అమ్మమ్మా" అన్నది. "ఇప్పుడెందుకు బిడ్డా" అని చిన్నమ్మ నవ్వింది. చెయ్యి మాత్రం కొంగు మీదికే పోయింది. ఆ నీళ్ళ సంగతి ఆమెకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేనే చెప్పాను.