రబ్బరు ముక్కతో బతికిన కంప్యూటర్

కంప్యూటర్ బీప్‌మని మోగి తెర వెలగకపోతే డబ్బా విప్పి, ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది తిరిగి బిగించడం మా తరం నేర్చిన తొలి మరమ్మతు. ఈ విద్య వెనుక ఢిల్లీ సుంకాల చరిత్ర ఉంది.

1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానంతో దిగుమతులను సడలించింది. అయినా కంపెనీ యంత్రం ధర మధ్యతరగతికి అందలేదు. విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చే దుకాణాలు ఆ ఖాళీలోనే పుట్టాయి: ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబైలో లామింగ్టన్ రోడ్, చెన్నైలో రిచీ స్ట్రీట్, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్. బిల్లు లేని సరుకూ అక్కడ ధారాళంగా దొరికేది. ఆ మాట దాచనక్కరలేదు. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక భాగం మార్చుకునేవాళ్లం. ఈసారి ర్యామ్, మరోసారి హార్డ్ డిస్క్.

1997లో భారత్ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. 2005 నాటికి దాని పరిధిలోని వస్తువులపై సుంకం సున్నాకు దిగింది. లాప్‌టాప్ చవకయ్యాక అవసరార్థులు వెళ్లిపోయారు, ఇష్టమున్నవారు మిగిలారు. అవసరం అభిరుచిగా మారింది అప్పుడేనని నా అభిప్రాయం.

2023 ఆగస్టు 3న కేంద్రం లాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసి, మరునాడే అమలును అక్టోబరు చివరి వరకు వాయిదా వేసింది. మేమంతా దాన్ని లాప్‌టాప్ వార్తగానే రాశాం. మదర్‌బోర్డు, ర్యామ్ ఆ జాబితాలో లేవన్న సంగతిని గమనించింది మాత్రం ఆ దుకాణాల వాళ్లే.