ఉపదేశి అరుగు మీద ధర్మశాస్త్రం: తెలుగు కతోలికుల దైనందిన ప్రశ్నలపై ఒక పరిశీలన

తెలుగు కతోలికుల గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది గుడి ఎప్పుడు కట్టారో, ఏ విదేశీ గురువు కట్టించాడో, తిరునాళ్లకు ఎంత జనం వచ్చారో రాశారు. ఆ జనానికి ఏ సందేహాలు వచ్చాయి, వాటిని ఎవరి దగ్గరికి తీసుకెళ్లారు, ఏ జవాబుతో ఇంటికి తిరిగొచ్చారు అన్నది రాసినవాళ్లు చాలా అరుదు. గుణదల మరియమాత కొండ మీద కొవ్వొత్తుల గురించి ఎన్ని పుటలైనా దొరుకుతాయి. ఆ కొవ్వొత్తి వెలిగించిన మనిషి ముందురోజు రాత్రి ఉపదేశిని, అంటే గురువు తరఫున ఊళ్లో జపాలూ ధర్మమూ నేర్పే మనిషిని, ఏమడిగాడో ఒక్క పుటలోనూ దొరకదు. గుంటూరు, పల్నాడు ప్రాంతాల విచారణల్లో (ఒక్కో గురువు కింద ఉండే గుడి సంఘాల్లో) ఉపదేశులతోనూ పెద్దవాళ్లతోనూ మాట్లాడుతూ తిరిగిన కాలంలో ఈ లోటు నన్ను బాగా బాధించింది. దానితోపాటే ఒక ఊహ కూడా బలపడింది. శుక్రవారం గుడ్డు తినొచ్చా, మేనమామ కూతుర్ని చేసుకోవచ్చా, పురుగుమందు తాగి పోయినవాడికి పూజ పెట్టించవచ్చా అనే ప్రశ్నలే తెలుగు కతోలికుల అసలైన ధర్మచర్చ. వాళ్ల విశ్వాసం ఎంత లోతైనదో తెలుసుకోవాలంటే చూడవలసింది ఊరేగింపు వైపు కాదు, ఈ ప్రశ్నల వైపు.

దుబువా తీర్పు

ఈ లోటుకు మూలపురుషుడు ఆబె జె.ఎ. దుబువా. మైసూరు సీమలో ఏళ్ల తరబడి పనిచేసిన ఈ ఫ్రెంచి గురువు 1823లో స్వదేశం వెళ్లిపోయారు. భారతదేశంలో క్రైస్తవం పరిస్థితి గురించి ఆయన రాసిన ఉత్తరాలు అదే ఏడాది లండన్‌లో అచ్చయ్యాయి. హిందువులను నిజంగా క్రైస్తవులను చేయడం మానవసాధ్యం కాదన్నది అందులో ఆయన తేల్చిన మాట. పాతికేళ్లలో తాను చేర్చుకున్నవాళ్లు రెండు మూడు వందలకు మించరనీ, వాళ్లలో మూడింట రెండు వంతులు పరయలూ బిచ్చగాళ్లూ అనీ లెక్క చెప్పారు. ఈ దేశంలో ఏ క్రైస్తవ పద్ధతైనా నాటుకుంటే అది కతోలిక పద్ధతేననీ, అందుకు కారణం అందులో పూజ, ఊరేగింపు, విగ్రహాలు, తీర్థం, ఉపవాసాలు ఉండటమేననీ వాదించారు. అంటే జనం కంటికి నచ్చి వచ్చారే తప్ప బుద్ధికి నచ్చి రాలేదని ఆయన అభిప్రాయం.

దుబువా చూసింది ఎక్కువగా తెలుగేతర ప్రాంతాలు. అయినా తర్వాతివాళ్లు ఆ తీర్పును తెలుగు నేలకూ అతికించేశారు. 'పండుగ క్రైస్తవం' అనే భావన ఇప్పటికీ సిద్ధాంత గ్రంథాల్లో తిరుగుతూనే ఉంది. ఆయన లెక్కపెట్టింది ఎవరు చేరారన్నది. చేరినవాళ్లు ఆ తర్వాత ఏమడిగారన్నది ఆయనకు పట్టలేదు. జ్ఞానస్నానం పొందిన మనిషి మర్నాడు పొలానికి వెళ్లాలి, కూతురి పెళ్లి చేయాలి, తండ్రిని పూడ్చాలి. అడుగడుగునా ఒక చిక్కు వస్తుంది. ఆ చిక్కును ఆయన వీధిలోంచి చూడలేకపోయారు.

చరిత్ర కూడా ఆయనకు ఎదురు తిరుగుతుంది. ఫ్రెంచి యేసుసభ గురువుల కర్ణాటక మిషన్ పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు సీమలో నిలబెట్టిన సంఘాలకు, 1773లో పోపు ఆ సభను రద్దు చేశాక, దశాబ్దాల పాటు గురువుల కొరత వెంటాడింది. పూజ చెప్పేవాడు కరువైతే పూజ మోజుతో వచ్చినవాళ్లు వెళ్లిపోవాలి కదా? వెళ్లలేదు. జపాలు చెప్పించి, చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు నీళ్లు పోసి జ్ఞానస్నానమిచ్చి, సందేహాలకు జవాబు చెప్పి ఆ సంఘాలను నిలబెట్టినవాళ్లు ఉపదేశులు. ఆ కాలాన్ని దాటించింది ఊరేగింపు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అచ్చు పుస్తకాల్లోనూ ప్రశ్నోత్తరాలకు కొదవ లేదు. 1555 నాటి పీటర్ కనీషియస్ పుస్తకం మొదలు 598 ప్రశ్నలున్న 2005 నాటి సంక్షేప సత్యోపదేశం దాకా ఆ వరుస సాగింది. వాటిలో ప్రశ్న వేసేవాడికి జవాబు ముందే తెలుసు. నేను మాట్లాడేది జవాబు లేకపోతే రేపు పెళ్లి ఆగిపోయే ప్రశ్నల గురించి.

వరస లెక్క, రోము లెక్క

ఈ వ్యాసానికి పట్టుగొమ్మ మేనరికం. దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

ఒక విచారణలో ఉపదేశి ఇంటి అరుగు మీద చూసిన సంగతి ఇది. పెళ్లి ప్రకటన గుడిలో చదివించే ముందు పిల్ల తండ్రి వచ్చి కూర్చున్నాడు. ఉపదేశి సుద్దముక్కతో అరుగు గచ్చు మీద పైన ఒక సున్నా చుట్టి అది తాత అన్నాడు. దాని నుంచి కిందికి రెండు గీతలు గీశాడు. ఒక గీత మీద కొడుకు, మనవరాలు. రెండో గీత మీద కూతురు, మనవడు. 'తాతను వదిలెయ్. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. నాలుగు. నాలుగు దాకా అడ్డమే. బిషప్పు గారి పీఠం నుంచి మినహాయింపు రావాలి' అన్నాడు. పిల్ల తండ్రి కాసేపు ఆ గీతలు చూసి అడిగాడు: 'మరి మా చిన్నాన్న మనవడిదో ఉపదేశి గారూ?' ఉపదేశి గీతలు పొడిగించి లెక్కపెట్టి ఆరు అన్నాడు. 'ఆరైతే రోముకు అడ్డం లేదు.' 'అదెట్టా? వాడు దానికి అన్న అవుతాడు గదా!' ఉపదేశి జవాబు నేను రాసుకున్నాను: 'రోము లెక్కలో వరస లేదయ్యా, తరాలే ఉన్నాయి. వరస మన లెక్క. రెండూ దాటితేనే పెళ్లి.'

ఆ గీతల్లో ఉన్నది 1983 ధర్మశాస్త్ర సంపుటి 108, 1091 నిబంధనల సారం. మూలపురుషుణ్ని వదిలి రెండు వైపులా మనుషుల్ని లెక్కపెట్టాలి. అడ్డవరుసలో నాలుగో మెట్టు దాకా పెళ్లి చెల్లదు. మేనబావ, మేనమరదలు నాలుగో మెట్టు. మేనమామ, మేనకోడలు మూడో మెట్టు. అన్నాచెల్లెళ్లది రెండో మెట్టు, దానికి మినహాయింపు ఎన్నటికీ ఉండదు. తెలుగు ఊరి లెక్క పూర్తిగా వేరు. మేనత్త కొడుకు మొగుడి వరస, పెదనాన్న కొడుకు అన్న వరస. ధర్మశాస్త్రం ఈ ఇద్దరినీ ఒకే మెట్టు మీద నిలబెడుతుంది. ఊళ్లో ఏడు తరాలు దాటినా అన్న వరస పోదు, రోములో ఐదో మెట్టుకే అడ్డు తొలగిపోతుంది. ఒక శాస్త్రం తప్పదన్నచోట రెండోది పర్వాలేదంటుంది. ఈ రెంటి మధ్య బతికే మనిషికి ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్న వేయాలంటే రెండు శాస్త్రాలూ తెలిసి ఉండాలి. పిల్ల తండ్రి 'మరి మా చిన్నాన్న మనవడిదో' అన్నప్పుడు చేసింది అదే. అతను ఒక నియమాన్ని విని, దాని హేతువును పట్టుకుని, మరో సందర్భానికి పెట్టి పరీక్షించాడు. న్యాయశాస్త్ర విద్యార్థి చేసేదీ ఇదే.

రోము లెక్క కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ నిషేధాన్ని ఏడు తరాల నుంచి నాలుగు తరాలకు దించింది. పెళ్లికి ముందు గుడిలో ప్రకటన చేయాలన్న నియమాన్ని తిరుసభ అంతటికీ వర్తింపజేసింది కూడా ఆ మహాసభే. 1563లో ట్రెంటు మహాసభ ఆ ప్రకటన మూడుసార్లు జరగాలంది. 1917 సంపుటి నిషేధాన్ని మూడు తరాలకు తగ్గించింది. అంటే ఇద్దరికీ ముత్తాత ఒక్కడే అయినా అడ్డమే. 1983లో అదీ పోయింది, తాత ఒక్కడే అయితేనే అడ్డం. జ్ఞానతండ్రికీ అతని జ్ఞానకూతురికీ మధ్య ఉన్న అడ్డం కూడా అప్పుడే తొలగింది. పాతకాలం ఉపదేశులు ఈ మార్పులను పుస్తకం చూడకుండా చెప్పగలరు. ఎందుకంటే ప్రతి మార్పూ వాళ్ల ఊళ్లో ఏదో ఒక పెళ్లిని ఆపింది, లేదా జరిపించింది.

మినహాయింపు ఊరికే రాదు. కారణం చూపాలి. మిషన్ దేశాల వ్యవహారాలు చూసే రోము కార్యాలయం 1877 మే 9న ఆమోదయోగ్యమైన పదహారు కారణాలను పేర్కొంటూ ఒక సూచన పంపింది. ఊరు చిన్నదై వేరే తగిన సంబంధం దొరకకపోవడం, పిల్లకు వయసు మీరడం, కట్నం చాలకపోవడం అందులో ఉన్నాయి. యూరపు పల్లెల అనుభవంలోంచి పుట్టిన ఆ జాబితా పల్నాటి ఊళ్లో ఎవరు చదివినా తమ ఇంటి సంగతే అనుకుంటారు. అర్జీ మీద సంతకం విచారణ గురువుది. కారణాన్ని మాటల్లో పెట్టేది మాత్రం అరుగు మీద కూర్చున్న ఇద్దరు. పెళ్లి వెనక ఉన్న బంధుత్వాన్నీ పేదరికాన్నీ భయాన్నీ ధర్మశాస్త్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చింది వాళ్లే. ఇలాంటి ఊళ్ల నుంచి తరాల తరబడి వెళ్లిన అర్జీల ఒత్తిడి లేకుండా 1983 సడలింపు వచ్చి ఉండేది కాదని నా దృఢమైన అభిప్రాయం.

పూడ్చే చోటు, పూజ చెప్పే చోటు

రెండో ఆధారం బరువైనది. 1917 సంపుటి తెలిసి ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు తిరుసభ అంత్యక్రియలను నిరాకరించింది. 1983 సంపుటిలో ఆ నిషేధం లేదు. తీవ్రమైన మానసిక క్షోభ, భయం ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, అతని రక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ 1992 నాటి సత్యోపదేశం చెబుతుంది. 1997–98లో వరంగల్ పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న కాలం నుంచి తెలుగు పల్లెల్లో ఇది పుస్తకంలో ఉండే ప్రశ్న కాదు. పురుగుమందు డబ్బా ప్రతి ఇంటి చూరులోనూ ఉంది.

ఒక పెద్దావిడ తన కొడుకు గురించి ఉపదేశిని అడిగింది చట్టం గురించి కాదు. 'అయ్యా, వాడిప్పుడు ఎక్కడున్నాడు?' అని అడిగింది. ఆయన చెప్పింది ఇది: 'తాగాక కడసారి ఊపిరిలో వాడేమనుకున్నాడో నీకు తెలియదు, నాకూ తెలియదమ్మా. తెలిసినవాడు దేవుడు. మనకు తెలియనప్పుడు చేయాల్సింది పూజ పెట్టించడమే.' ఉత్తరించు స్థలం, మనస్తాపం, తీర్పు దేవుడిదే అన్న నమ్మకం, మృతుల కోసం చేసే ప్రార్థన, అన్నీ ఆ నాలుగు మాటల్లో ఉన్నాయి. మృతుల స్మరణ దినమైన నవంబరు 2న ఆమె కొడుకు సమాధికి సున్నం వేసి పూలు పెట్టింది. ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. వేదాంత పాఠశాలలో ఏళ్లు చదివినవాళ్లు కూడా ఇంతకంటే సరిగ్గా, ఇంతకంటే దయగా జవాబు చెప్పలేరు.

చిన్న ప్రశ్నలు, పెద్ద భేదాలు

ఇక చిన్నవని కొట్టిపారేసే ప్రశ్నలు. సత్ప్రసాదానికి ముందు ఉపవాసం అర్ధరాత్రి నుంచి ఉండేది. 1953లో మంచినీళ్లకు, 1957లో మూడు గంటలకు, 1964లో ఒక్క గంటకు అది సడలింది. ఇప్పటికీ ఉదయం పూజకు కాఫీ ముట్టకుండా వచ్చే ముసలమ్మలకు చక్కెర జబ్బు మాత్ర వేసుకోవచ్చా అన్న సందేహం వస్తుంది. మందుకు ఏనాడో అనుమతి వచ్చిందని ఉపదేశి చెబుతాడు. తపస్సుకాలంలో గుడ్డు తినొచ్చా అన్న ప్రశ్నకూ 1917 సంపుటిలోనే జవాబు వచ్చింది. మాంసం మానాలన్న నియమం గుడ్లకూ పాలకూ వర్తించదు.

'మరియమాతను మీరు పూజిస్తారు కదా' అనేది పొరుగువాళ్ల ప్రశ్న. 787లో రెండో నీసియా మహాసభ బొమ్మకు చేసే గౌరవం ఆ బొమ్మ ఎవరిదో వాళ్లకే చెందుతుందని, ఆరాధన దేవుడికి మాత్రమేనని తేల్చింది. గుంటూరు పిల్లలు ఇక్కడ ఇంకో ఆసక్తికరమైన మెలిక పట్టుకున్నారు. పది ఆజ్ఞల వరుసలో కతోలికులూ లూథరన్లూ ఒకటే. ఇద్దరూ అగస్టీను లెక్కనే అనుసరిస్తారు. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన బాప్టిస్టు బంధువు పిల్లవాడు రెండో ఆజ్ఞ అనగానే విగ్రహాల మాట చెబుతాడు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి పక్కపక్క వీధుల్లో ఉన్న కతోలిక, లూథరన్ పిల్లలు దేవుని నామం గురించి చెబుతారు. ఒకే బైబిలు, రెండు లెక్కలు. ఆ వాదులాటలో పన్నెండేళ్ల పిల్లలు నేర్చుకున్న మతచరిత్ర దుబువా ఉత్తరాల్లో లేదు. కులం గురించిన ప్రశ్నను మాత్రం ఈ అరుగుల మీద ఇంత స్వేచ్ఛగా అడగరన్నది ఒప్పుకోవాలి.

ముగింపు

1964లో రెండో వాటికన్ మహాసభ, విశ్వాసులందరూ కలిసి విశ్వాస విషయంలో తప్పిపోరని ప్రకటించింది. దానికి నిదర్శనం కావాలంటే రోము దాకా వెళ్లనక్కర్లేదు. తెలుగు కతోలికులకు తమదంటూ ఒక వేదాంతం ఉంది. అది గురువుల ప్రసంగాల్లో కంటే, అచ్చయిన సత్యోపదేశాల్లో కంటే ఉపదేశి అరుగు మీద ప్రశ్నల్లోనే రూపుకట్టింది. తినడం, పెళ్లాడటం, పూడ్చడం అనే మూడు పనుల చుట్టూ అది తిరుగుతుంది. వరసనూ తరాన్నీ ఒకేసారి తూచగల బుద్ధి, చట్టం చదివి దయతో అన్వయించగల మనసు ఆ వేదాంతం లక్షణాలు. ఇది ఉన్నప్పుడు 'పండుగ క్రైస్తవం' అన్న మాటకు చోటు లేదు.

పీఠాల కార్యాలయాల్లో వివాహ మినహాయింపు అర్జీలున్నాయి. విచారణల్లో పెళ్లి రిజిస్టర్లున్నాయి. ఊళ్లలో పాత ఉపదేశులు ఇంకా కొంతమంది బతికే ఉన్నారు. పరిశోధకులు తిరునాళ్ల ఫొటోలు పక్కన పెట్టి ముందు ఆ అర్జీలు చదవాలి. ప్రతి అర్జీ వెనకా ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని రాసుకోకుండా ఈ సంఘం గురించి ఎవరు ఏ తీర్పు చెప్పినా అది చెల్లదు. రెండు వందల ఏళ్ల కిందట దుబువా చెప్పింది అలాంటి తీర్పే. దాన్ని తిరగరాయడం ఇప్పుడు తెలుగు పరిశోధకుల బాధ్యత.