పెనవేసుకున్న వివక్ష, విడివిడి చట్టాలు

కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, జమ్మలమడుగు ప్రాంతపు మాల, మాదిగ పిల్లలకు అక్షరం అందడానికి లండన్ మిషన్ బడులు ముఖ్యాధారమయ్యాయి. 1893లో ప్రభుత్వం పంచముల విద్యపై, అంటే అంటరానివిగా ఎంచిన కులాల చదువుపై, ఉత్తర్వు వెలువరించి ప్రత్యేక పాఠశాలలను ప్రోత్సహించింది గాని, ఊరి బడిలో అందరితో కలిసి కూర్చునే హక్కును ఆచరణలో నిలబెట్టలేకపోయింది.

ఆ హక్కుకు దేశవ్యాప్తమైన శిక్షాబలం 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంతో వచ్చింది. 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన ఆ శాసనంలోని 5వ సెక్షను విద్యాసంస్థలో, వసతిగృహంలో ప్రవేశం నిరాకరించడాన్నే కాక, చేర్చుకున్న తరువాత వేరుగా చూడడాన్నీ నేరంగా పరిగణిస్తుంది. బాధితులు షెడ్యూల్డు కులస్థులైతే, విరుద్ధంగా రుజువయ్యేదాకా ఆ చర్య అస్పృశ్యత కారణంగానే జరిగినట్లు కోర్టు భావించాలని 12వ సెక్షను నిర్దేశిస్తుంది. చట్టంలో అన్నిటికంటె పదునైన భాగం ఇదే. అయితే ఆ పదును కులం వరకే. దళితవాడల్లో అధికారులు నెలనెలా జరిపే పౌరహక్కుల దినం కూడా ఈ దృష్టి నుంచి పుట్టినదే.

కులాన్ని దాటి చూసిన ఏర్పాట్లూ ఉన్నాయి. పులివెందులకు చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007లో వచ్చిన చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ పేరుతో 4 శాతం సీట్లు కేటాయించింది. మరుసటి ఏడాది మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, ప్రభుత్వ బడిలో చదివిన గ్రామీణ విద్యార్థులకు ప్రవేశ మార్కుల్లో అదనపు వెయిటేజీ ఇచ్చింది. ఒకటి మతాన్నీ వెనుకబాటునూ, మరొకటి ఊరినీ బడినీ కలిపి చూసినవే. కాని ఇవి సీటు ఇప్పించే ఏర్పాట్లు, సీటు దక్కాక ఎదురయ్యే అవమానానికి విచారణ జరిపే ఏర్పాట్లు కావు.

కులం, స్త్రీత్వం, వైకల్యం ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు ఏర్పడే పెనవేసుకున్న వివక్షను అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్షా 1989లో సిద్ధాంతీకరించగా, భారత సుప్రీంకోర్టు దానిని విస్తారంగా చర్చించినది 2021లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పటాన్ జమాల్ వలి కేసులో. అది చదువుకు సంబంధించినది కాదు. అంధురాలైన దళిత యువతిపై జరిగిన అత్యాచారం. కారణాల్లో కులం ఒకటైనా చాలునని సూత్రీకరించిన ఆ ధర్మాసనమే, సాక్ష్యం చాలదంటూ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టివేసింది. సూత్రానికీ రుజువుకూ నడుమ ఎంత దూరముందో ఈ తీర్పే చూపుతుంది.

ప్రొద్దుటూరు బడిలో వైకల్యమున్న దళిత బాలిక వివక్షకు గురైతే, ఈనాటికీ కులం సంగతి పోలీసులకు, వైకల్యం సంగతి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు, బడి సంగతి విద్యాహక్కు చట్టం ప్రకారం స్థానిక సంస్థకు విడివిడిగా నివేదించుకోవలసి ఉంటుంది.