ఒత్తిడి: భావన చరిత్ర, ఎడమ కాలువ కింది నేల

ముప్పు ఎదురైనప్పుడు మనసూ శరీరమూ కలిసి చేసుకునే సర్దుబాటే ఒత్తిడి. భయం, కోపం కలిగినప్పుడు అడ్రినలిన్ గుండె వేగాన్ని, రక్తంలో చక్కెరను ఎలా పెంచుతుందో అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. చలి, గాయం, విషం ఏదైనా ఎలుకల శరీరం ఒకే తీరున స్పందిస్తోందని హాన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. కొద్దిసేపు ఉండే ఈ స్పందన ప్రాణం కాపాడేదే. అది నెలల తరబడి సాగితేనే చేటు: కార్టిసాల్ తగ్గక నిద్ర, జ్ఞాపకశక్తి చెడతాయి, రక్తపోటు పెరుగుతుంది. పనిచోటి ఒత్తిడిని పరిశీలించిన రాబర్ట్ కరాసెక్ 1979లో ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించాడు. పని బరువు ఎక్కువై, దానిమీద పట్టు తక్కువైన చోటే ఒత్తిడి ముదురుతుందన్నాడు.

కరాసెక్ మాటకు తెలంగాణలోని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల వరి సాగు మంచి పరీక్ష. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలాక మిర్యాలగూడ, కోదాడ మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా ఎదిగింది. సూర్యాపేట వైపు చాలా గ్రామాలు శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల చివరన ఉన్నాయి. నీటితోపాటు ఎదురుచూపూ వచ్చింది. యాసంగికి నీళ్లిస్తారా, చివరి ఆయకట్టుకు అందుతాయా, మిల్లు ఎంత ధర కడుతుంది? నాటు, ఎరువు, కోత ఖర్చులు రైతువి. ఈ నిర్ణయాలు మాత్రం అతనివి కావు. కౌలు రైతు ఆ పైన కౌలూ కట్టాలి.

తాతల కాలంలో ఇంతకన్నా కష్టం లేదా అనేవారున్నారు. ఉంది. వెట్టిచాకిరి భరించలేకే 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో సూర్యాపేట తాలూకా ముందు నిలిచింది. ఆనాటి నిద్రలేమిని, గుండెదడను ఎవరూ లెక్కరాయకపోవడం అవి లేవనడానికి రుజువు కాదు. ఒకే ఊళ్లో, ఒకే అప్పుతో ఒకరు తట్టుకుంటారు, మరొకరు కుంగిపోతారు కదా అన్నది ఇంకాస్త బలమైన ప్రశ్న. స్వభావం, ఇంటివాళ్ల ఆసరా తేడా తెస్తాయి. అందుకే వ్యక్తికి వైద్యం తప్పనిసరి. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, 2022 నుంచి 14416 నంబరులో టెలీ మానస్ మానసిక ఆరోగ్య సలహా దొరుకుతోంది. అయినా సలహా కాలువకు నీళ్లు తేలేదు. 2018లో వచ్చిన రైతుబంధు, రైతుబీమా పట్టాదారుకు కొంత ధీమా ఇచ్చాయి కానీ కౌలుదారును వదిలేశాయి. నాట్లకు ముందే నీటి విడుదల తేదీలు ఖాయంగా చెప్పడం, కౌలుదారుకు గుర్తింపు ఇవ్వడం కూడా ఒత్తిడికి చికిత్సలో భాగమే.