ఎర్ర పుల్లలు, నల్ల పుల్లలు

రెండులోంచి రుణ మూడు తీసెయ్యమంటే ఆరో తరగతి పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఉన్నవే రెండు, అవీ ధనం. లేని రుణాన్ని ఎక్కణ్నుంచి తీసేది? ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని బట్టీ వేయించి గట్టెక్కించే మాస్టార్లున్నారు. ఈ లెక్కలో అసలు హెచ్చవేతే లేదన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఇలాంటి లెక్కల్ని చైనావాళ్లు దాదాపు 2000 ఏళ్ల కిందటే చేత్తో చేసేవారు. వాళ్ల ‘తొమ్మిది అధ్యాయాల’ గణిత గ్రంథంలో ఓ పశువుల బేరం ఉంది: 2 ఎడ్లు, 5 గొర్రెలు అమ్మి 13 పందులు కొంటే 1000 నాణేలు మిగిలాయి. అమ్మింది ధనం, కొన్నది రుణం. పుల్లలు పేర్చి లెక్క తేల్చేవారు. ధనానికి ఎర్ర పుల్లలు, రుణానికి నల్లవి అని క్రీ.శ. 263లో వ్యాఖ్యాత ల్యూ హుయ్ రాశాడు. రంగులు లేకపోతే నిటారుగా కొన్ని, వాలుగా కొన్ని పెట్టి తేడా చూపమన్నాడు.

ఇవాళ్టి రెండు రంగుల బిళ్ళలదీ ఇదే దారి. మొదట చెప్పిన లెక్కే, రెండులోంచి రుణ మూడు తీసేది, చేద్దాం. బల్ల మీద రెండు ఎర్ర బిళ్ళలు పెట్టండి. ఒక ఎర్రది, ఒక నల్లది జతపడితే సున్న. కాబట్టి అలాంటి జతలు మూడు తెచ్చి చేర్చినా విలువ మారదు. ఇప్పుడు మూడు నల్లవి ఉన్నాయిగా, తీసెయ్యండి. మిగిలినవి ఐదు ఎర్రవి. సూత్రంతో పనిలేదు, పిల్లలే లెక్కపెట్టుకుంటారు.

628లో బ్రహ్మగుప్తుడు ఆస్తి, అప్పుల భాషలో నియమాలు కట్టాడు: సమానమైన ధనం, రుణం కలిస్తే సున్న, సున్నలోంచి రుణం తీస్తే ధనం. బిళ్ళల కిటుకంతా ఈ రెంటిలోనే ఉంది, బొమ్మ ఒక్కటే తక్కువ.

ఐరోపా చాలాకాలం మొండికేసింది. 1544లో గణితజ్ఞుడు స్టీఫెల్ రుణసంఖ్యల్ని అసంబద్ధ సంఖ్యలన్నాడు. 1685లో ఇంగ్లండులో జాన్ వాలిస్ గీత గీసి చూపించాడు: ఐదు గజాలు ముందుకు నడిచి ఎనిమిది గజాలు వెనక్కొచ్చిన మనిషి, బయల్దేరిన చోటికి మూడు గజాలు వెనక ఉంటాడు. మన సంఖ్యారేఖ ఆ బాపతే.

గీత కూడికకు హాయిగా ఉంటుంది. తీసివేత దగ్గరే తంటా. రుణ మూడు తీసెయ్యాలంటే ముందు వెనక్కి తిరగాలి, ఆపైన మొహం తిప్పకుండా వెనక్కి అడుగులు వెయ్యాలి. లెక్క కన్నా కవాతు కష్టం! 2024లో వచ్చిన ఎన్సీఈఆర్టీ ఆరో తరగతి ‘గణిత ప్రకాశ్’ రెండు దారులూ పట్టింది. ముందు నేలకింది అంతస్తులకు దిగే లిఫ్టు, తర్వాత బిళ్ళలు. ఆ వరస నాకు నచ్చింది. రంగులు మాత్రం తారుమారయ్యాయి: ఆకుపచ్చ ధనం, ఎరుపు రుణం.