అమ్మకానికీ బోధనకూ నడుమ: ఆహారసేవారంగ ప్రదర్శనల్లో విద్యా సదస్సుల చరిత్ర (1893–2018)

వ్యాససంగ్రహం:
హోటళ్లు, భోజనశాలలు, క్యాంటీన్లు, క్యాటరింగ్ సంస్థలు కలిసినది ఆహారసేవారంగం. ఈ రంగానికి చెందిన వాణిజ్య ప్రదర్శనల్లో వస్తువుల స్టాళ్లతోపాటు విద్యా సదస్సులు కూడా జరుగుతాయి. వాటిలో ప్రసంగించదలచినవారు కొన్ని నెలల ముందే ప్రతిపాదన పంపి, సమీక్షకుల ఆమోదం పొందాలి. ఈ ఏర్పాటుకు వెనుక ఉన్న చరిత్రను 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన మొదలుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బోధనను అమ్మకం నుంచి వేరుచేయడంలో ప్రతిపాదన నియమాలకు ఉన్న పాత్రను, వేదికపై చెప్పిన విషయం వంటగదికి చేరడంలో వాటికి ఉన్న పరిమితిని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆహారసేవారంగం, వాణిజ్య ప్రదర్శన, విద్యా సదస్సు, ప్రతిపాదన, అభ్యసన లక్ష్యాలు, ఆహారభద్రత, రమ్‌ఫోర్డ్ వంటశాల.

1. ఉపోద్ఘాతం

1893 చికాగో అనగానే తెలుగు పాఠకులకు స్ఫురించేది సర్వమత మహాసభ. ఆ ఏడాది ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్రా లక్ష్యాన్ని వివరించిన స్వామి వివేకానంద సెప్టెంబరు 11న చికాగో వేదికపై ప్రసంగించారు. ఆ మహాసభ ప్రపంచ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే. అయితే అది ప్రదర్శన ఆవరణలో జరగలేదు. యంత్రాలు, ధాన్యాలు, పిండివంటలు, వస్త్రాలు కొలువుదీరిన ప్రదర్శన మిషిగన్ సరస్సు ఒడ్డున జాక్సన్ పార్కులో సాగింది. ఉపన్యాస సభలు అక్కడికి కొన్ని మైళ్ల దూరంలో, నగరం నడిబొడ్డున ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో జరిగాయి. వాటిని నిర్వహించిన అనుబంధ సంస్థకు చార్లెస్ క్యారల్ బానీ అధ్యక్షుడు. వస్తువుల కన్న మనుషులకు, పదార్థం కన్న మేధకు ప్రాధాన్యమివ్వాలన్నది ఆ సంస్థ ఆదర్శం.

అంటే నాటి నిర్వాహకులు వస్తువును ఒకచోట, విజ్ఞానాన్ని మరొకచోట నిలిపారు. నేటి వాణిజ్య ప్రదర్శన ఈ రెండింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. ఒక హాలులో పొయ్యిలు, శీతలయంత్రాలు అమ్మేవారు ఉంటారు. పక్క గదిలో పొయ్యిని ఎలా వాడాలో, ఆహారాన్ని ఎలా భద్రపరచాలో చెప్పేవారు ఉంటారు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకే సంస్థ నుంచి వస్తారు. అటువంటప్పుడు చెప్పేది పాఠమా, ప్రకటనా అన్న సందేహం తప్పదు. విద్యా సదస్సుల చరిత్రను ఈ సందేహానికి వెతికిన సమాధానాల చరిత్రగా చదవవచ్చు.

2. ఒకే ప్రదర్శన – రెండు వంటశాలలు

ఉపన్యాసాలు వేరే భవనానికి తరలినా, జాక్సన్ పార్కులో బోధన పూర్తిగా లేకపోలేదు. మసాచుసెట్స్ రాష్ట్ర ప్రదర్శనలో భాగంగా ఎలెన్ స్వాలో రిచర్డ్స్ రమ్‌ఫోర్డ్ వంటశాలను నడిపారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరిన తొలి విద్యార్థినిగా 1873లో పట్టం పొందిన రసాయన శాస్త్రవేత్త ఆమె. 1890లో మేరీ హిన్‌మన్ ఏబెల్‌తో కలిసి బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ కిచెన్‌ను స్థాపించి, శ్రామిక కుటుంబాలకు చవకగా పోషకాహారం అందించే ప్రయత్నం చేశారు. ఆ అనుభవాన్నే చికాగోకు తీసుకువచ్చారు. 30 సెంట్లకు భోజనం. దానితోపాటు ఇచ్చే పట్టికలో ఆ భోజనంలోని మాంసకృత్తులు, కొవ్వులు, పిండిపదార్థాలు, కేలరీల వివరాలు. తినడానికి వచ్చిన సందర్శకుడు తెలియకుండానే విద్యార్థి అయ్యాడు. ఆ వంటశాల కరపత్రాలు 1899లో సంకలనంగా వెలువడ్డాయి.

అదే ప్రదర్శనలో మరొక వంటశాల కూడా ఉంది. ఆర్.టి. డేవిస్ పిండిమరల సంస్థ తన ‘ఆంట్ జెమైమా’ పాన్‌కేక్ పిండిని ప్రచారం చేయడానికి పెద్ద పీపా ఆకారంలో స్టాలు కట్టింది. అక్కడ పాన్‌కేకులు పోసి చూపిన స్త్రీ నాన్సీ గ్రీన్. 1834లో కెంటకీలో బానిసగా పుట్టిన నల్లజాతి మహిళ ఆమె. పిండి మిశ్రమం ఆమె కనిపెట్టినది కాదు. 1889లో క్రిస్ రట్, చార్లెస్ అండర్‌వుడ్ రూపొందించినది. ‘జెమైమా’ అన్న పేరూ ఆమెది కాదు. సందర్శకులకు చెప్పిన పాత దక్షిణాది తోటల కథలు సంస్థ ప్రచారానికి అనువుగా అల్లినవి.

ఈ రెండు వంటశాలలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రదర్శన బోధనలోని మూల సమస్య బోధపడుతుంది. రెండుచోట్లా పొయ్యి ఉంది, వంట ఉంది, చూసే జనం ఉన్నారు. రిచర్డ్స్ వంటశాలలో సందర్శకుడు ఒక కొలతను నేర్చుకుని, తన ఇంట్లో ఏ సరుకుతోనైనా దానిని వాడుకోగలడు. డేవిస్ స్టాలులో నేర్చుకున్నది ఆ పొట్లం కొంటేనే పనికివస్తుంది. మరొక భేదం ఇంతకన్న తీవ్రమైనది. రిచర్డ్స్ తన పేరుతో, తన శాస్త్రంతో మాట్లాడారు. నాన్సీ గ్రీన్ వండింది తన చేతులతోనే అయినా మాట్లాడింది తన పేరుతో కాదు. ఈ ప్రదర్శన నల్లజాతివారిని దూరంగా ఉంచిందని ఫ్రెడరిక్ డగ్లస్, ఐడా బి. వెల్స్ అదే ఏడాది కరపత్రం వెలువరించి నిరసించారు. 1923లో చికాగోలో మరణించిన నాన్సీ గ్రీన్ సమాధిపై పేరున్న రాయి నిలిచింది 2020లోనే. ఆ పాత్ర పేరును తన ఉత్పత్తుల నుంచి తొలగిస్తున్నట్లు సంస్థ ప్రకటించినదీ అదే ఏడాది.

3. ప్రతిపాదన పత్రం – దాని నిర్మాణం

1919లో కాన్సాస్ సిటీలో అమెరికా జాతీయ రెస్టారెంట్ సంఘం ఏర్పడింది. ఆ సంఘం పేరుతో ఏటా మే నెలలో చికాగోలోని మెకార్మిక్ ప్లేస్‌లో జరిగే ప్రదర్శన ఈ రంగంలో ప్రసిద్ధమైనది. స్టాళ్లతోపాటు విద్యా సదస్సులు దానిలో ముఖ్యభాగం. ఇటువంటి ప్రదర్శనల నిర్వాహకులు కొన్ని నెలల ముందే ప్రతిపాదనలను ఆహ్వానిస్తారు. శీర్షిక, సంక్షిప్త వివరణ, ఉద్దేశించిన శ్రోతలు, వక్తల పరిచయం, వారి పూర్వానుభవం, అభ్యసన లక్ష్యాలు – సాధారణంగా ప్రతిపాదన పత్రంలో అడిగే అంశాలు ఇవి. ఉత్పత్తులు అమ్మేవారు ప్రతిపాదిస్తే, భోజనశాల నడిపే వ్యక్తిని సహవక్తగా చేర్చమని సూచించడం కూడా పరిపాటి. వేదికపై సొంత సరుకును పొగడరాదన్నది తరచుగా కనిపించే నిషేధం.

వీటిలో అభ్యసన లక్ష్యాలు అన్న అంశానికి ప్రత్యేక చరిత్ర ఉంది. బోధకుడు ఏమి చెబుతాడన్నది కాక, అభ్యాసకుడిలో ఏ మార్పు వస్తుందన్నది లక్ష్యంగా రాయాలన్న సూత్రాన్ని చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాల్ఫ్ టైలర్ 1949లో ప్రచురించిన పాఠ్యప్రణాళికా గ్రంథంలో స్పష్టం చేశాడు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ బ్లూమ్ 1956లో లక్ష్యాల వర్గీకరణను సంపాదకత్వం వహించి వెలువరించాడు. మన బి.ఎడ్. తరగతుల్లో నేటికీ బోధిస్తున్న వర్గీకరణ ఇదే. 1893 ప్రదర్శనలో వినోదశాలలు నిలిచిన మిడ్‌వే ప్లెజాన్స్ ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొనే ఉంది. పాఠశాల కోసం పుట్టిన ఈ పరిభాష కాలక్రమంలో వృత్తివిద్యకు, అక్కడి నుంచి ప్రదర్శనల ప్రతిపాదన పత్రాలకు విస్తరించింది.

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. వండిన అన్నాన్ని భద్రపరచడం గురించి ఎవరైనా ప్రతిపాదన రాస్తున్నారనుకుందాం. “ఆహారభద్రత ప్రాముఖ్యాన్ని శ్రోతలు తెలుసుకుంటారు” అని రాస్తే అది లక్ష్యం కాదు, ఆకాంక్ష. “వండిన అన్నాన్ని 57 డిగ్రీల సెల్సియస్ నుంచి 2 గంటల్లో 21 డిగ్రీలకు, మొత్తం 6 గంటల్లో 5 డిగ్రీలకు చల్లార్చే క్రమాన్ని శ్రోతలు తమ వంటగదికి అన్వయించి, నమోదు పట్టికను తయారుచేయగలుగుతారు” అని రాస్తే అది లక్ష్యం. ఇందులోని కొలతలు అమెరికా ఆహార నియమావళిలోనివి. రెండో వాక్యాన్ని సమీక్షకుడు పరీక్షించగలడు. సదస్సు ముగిశాక శ్రోత కూడా పరీక్షించగలడు. పైగా అందులో ఏ సంస్థ శీతలయంత్రం పేరూ చొరబడడానికి వీలులేదు. కనుక అభ్యసన లక్ష్యం విద్యాశాస్త్ర నియమం మాత్రమే కాదు, ప్రకటనను అడ్డుకునే కంచె కూడా.

ఆమోదం పొందిన ప్రతిపాదన సదస్సుగా మారేటప్పుడు మరొక పరీక్ష ఎదురవుతుంది. శ్రోతలు వ్యాపార పనులు, స్టాళ్ల సందర్శన మధ్య గంటసేపు తీరిక చేసుకుని వస్తారు. వారికి కావలసినది మరునాడు తమ వంటగదిలో చేయగలిగిన పని. అందువల్ల సిద్ధాంత వివరణ కన్న ప్రత్యక్ష ప్రదర్శన, లెక్కలతో కూడిన అనుభవకథనం, ప్రశ్నోత్తరాలు ఎక్కువ ఫలితమిస్తాయి. చివర శ్రోతలు నింపే అభిప్రాయ పత్రాలు మరుసటి ఏడాది ఎంపికకు ఆధారమవుతాయి. ఒక విధంగా ఇది సమీక్ష రెండోసారి జరగడమే. మొదటిసారి సమీక్షించేది నిపుణులు, రెండోసారి వంటగది యజమానులు.

4. వేదికకూ పొయ్యికీ మధ్య దూరం

చక్కగా ప్రతిపాదించి, చక్కగా సమర్పించిన విజ్ఞానమైనా వెంటనే ఆచరణలోకి వస్తుందన్న హామీ లేదు. ఆహారభద్రత చరిత్రలోని ఒక ఘట్టం దీనికి నిదర్శనం. వ్యోమగాములకు సురక్షితమైన ఆహారం తయారుచేసే క్రమంలో పిల్స్‌బరీ పిండిమరల సంస్థ, నాసా, అమెరికా సైనిక ప్రయోగశాలలు కలిసి 1960లలో ఒక పద్ధతిని రూపొందించాయి. పిల్స్‌బరీ శాస్త్రవేత్త హోవర్డ్ బౌమన్ ఇందులో ప్రముఖుడు. సిద్ధమైన ఆహారాన్ని చివర పరీక్షించడం కాక, తయారీలో ప్రమాదం ఎక్కడ పుట్టగలదో ముందే గుర్తించి అక్కడే అదుపు చేయడం దీని సారాంశం. హ్యాసప్‌గా పేరుపడిన ఈ పద్ధతిని 1971లో డెన్వర్‌లో జరిగిన జాతీయ ఆహార సంరక్షణ సదస్సులో పిల్స్‌బరీ సంస్థ బహిరంగంగా వివరించింది. అది వాణిజ్య ప్రదర్శన కాదు. పరిశ్రమ, ప్రభుత్వం, శాస్త్రవేత్తలు కలిసిన వృత్తి సదస్సు. అయినా ఒక వ్యాపార సంస్థ తన అనుభవాన్ని సరుకుగా కాక పాఠంగా అందించడానికి ఇది మేలైన ఉదాహరణ. అప్పుడు వివరించిన సూత్రాలు మూడు. తరువాత అవి ఏడయ్యాయి.

నిల్వ ఆహార డబ్బాల తయారీలో ఈ ఆలోచన 1973 నాటికే నిబంధనల రూపం దాల్చింది. భోజనశాలల పొయ్యి దగ్గరికి మాత్రం చాలా ఆలస్యంగా చేరింది. 1993 జనవరిలో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో జాక్ ఇన్ ది బాక్స్ భోజనశాలల్లో సరిగా ఉడకని మాంసపు హాంబర్గర్ల వల్ల ఇ. కొలి సోకి 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు మరణించారు. కైమా మాంసం లోపలి ఉష్ణోగ్రత 68 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలని వాషింగ్టన్ రాష్ట్రం 1992లోనే నిర్దేశించింది. ఆ భోజనశాలల్లో మాత్రం అప్పటి కేంద్ర ప్రమాణమైన 60 డిగ్రీలే పాటించారు. కావలసిన సమాచారం ఉంది. అది కాగితం నుంచి పెనం దాకా రాలేదు. ఈ విషాదం తరువాత ఆ సంస్థ డేవిడ్ థీనోను నియమించుకుని హ్యాసప్ ఆధారిత వ్యవస్థను నెలకొల్పింది.

డెన్వర్ ప్రసంగానికీ ఈ మరణాలకూ మధ్య 22 ఏళ్లు. విద్యా సదస్సుకు స్వచ్ఛందంగా వచ్చేవారు సాధారణంగా నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవారే. రానివారి వంటగదికి ఆ విజ్ఞానం చేరాలంటే నిబంధన, శిక్షణ, తనిఖీ తోడుకావాలి. భారతదేశంలో ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2017లో ప్రారంభించిన ఫోస్టాక్ శిక్షణలో ప్రతి 25 మంది ఆహార కార్మికులకు కనీసం ఒక శిక్షితుడైన పర్యవేక్షకుడు ఉండాలన్న ఆలోచనకు మూలం ఇదే అవసరం.

5. భోజనపట్టికలో కేలరీలు

రిచర్డ్స్ 1893లో భోజనపట్టికపై కేలరీలు ముద్రించారు. అమెరికాలో 20 లేదా అంతకుమించి శాఖలున్న భోజనశాలలు పట్టికలో కేలరీలు చూపాలన్న కేంద్ర నిబంధన 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. మధ్య కాలం 125 ఏళ్లు. భారతదేశంలో 2020 నాటి నిబంధనలు 10 లేదా అంతకుమించి శాఖలున్న భోజనశాలలకు ఇటువంటి బాధ్యతనే విధించాయి.

ఇక్కడ తెలుగునేలకు ప్రత్యక్ష సంబంధం కనిపిస్తుంది. ఇడ్లీకో, పప్పన్నానికో కేలరీలు లెక్కకట్టాలంటే మన ధాన్యాల, పప్పుల, కూరగాయల పోషక విలువల పట్టికలు ఉండాలి. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఆ పని చేసింది. సి. గోపాలన్, బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్ రూపొందించిన భారతీయ ఆహారాల పోషక విలువల గ్రంథం, 2017లో ఆ సంస్థ వెలువరించిన కొత్త పట్టికలు ఈ లెక్కలకు ఆధారాలు. ఈ పట్టికలను హోటల్ వంటమనిషికి అర్థమయ్యే భాషలో, అతని గిన్నె కొలతలో చెప్పడం నేడు విద్యా సదస్సు చేయవలసిన పని.

6. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. బోధనను వస్తుప్రదర్శనకు దూరంగా ఉంచడం 1893 నాటి పరిష్కారం. రెండింటినీ ఒకచోట ఉంచి, ప్రతిపాదన, సమీక్ష, అమ్మకపు నిషేధం అనే కంచె వేయడం నేటి పరిష్కారం.

2. శ్రోత ఏమి చేయగలుగుతాడో తెలిపే లక్ష్యం ప్రతిపాదనకు ప్రాణం. రమ్‌ఫోర్డ్ వంటశాలకూ పాన్‌కేక్ స్టాలుకూ ఉన్న భేదాన్ని నేడు ఆ ఒక్క వాక్యం పట్టి ఇవ్వగలదు.

3. 1971–1993 మధ్య అనుభవాన్ని బట్టి, వేదికపై వెల్లడి కావడం విజ్ఞాన ప్రసారానికి ఆరంభం మాత్రమే. పొయ్యి దగ్గర నిలబడే కార్మికుడి దాకా అది చేరే మార్గాన్ని కూడా ప్రతిపాదనలోనే ఆలోచించాలి.

4. వక్తల పూర్వానుభవాన్ని కోరే నియమం నాణ్యతను కాపాడుతుంది. కానీ వేదిక ఎక్కే అవకాశం ఎన్నడూ రాని వంటవారిని అదే నియమం బయట నిలబెడుతుంది. పొయ్యి దగ్గర వారు సంపాదించిన జ్ఞానాన్ని యజమానులో, సలహాదారులో తమ మాటగా చెప్పుకునే అవకాశం మిగులుతుంది. నాన్సీ గ్రీన్‌కు వేదిక దక్కినా సొంత పేరు దక్కలేదు. వంటగదిలో పనిచేసేవారిని సహవక్తలుగా, వారి పేరుతో చేర్చమని ప్రతిపాదన పత్రంలోనే అడగడం ఈ లోపాన్ని సవరించే దిశలో సాధ్యమైన తొలి మార్పు.