కొత్తపేట టిమ్స్: ఆసుపత్రికి స్థలం ఎంపిక

హైదరాబాదు తూర్పు వైపున కొత్తపేటలో, పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నచోట తలపెట్టిన వెయ్యి పడకల ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఇది. ఎల్బీనగర్ టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) అనేదీ దీన్నే. 2022 ఏప్రిల్ 26న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు శంకుస్థాపన చేశారు. అల్వాల్, ఎర్రగడ్డ టిమ్స్‌లకూ అదే రోజు పునాదిరాయి పడింది.

నలుదిక్కులా పెద్దాసుపత్రులు ఉంటే ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌ల మీద ఒత్తిడి తగ్గుతుందన్నది ప్రభుత్వ ఆలోచన. తూర్పున దీని అవసరం రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం వాళ్లకు బాగా తెలుసు. ఆ జిల్లా నగరాన్ని మూడు వైపులా చుట్టుకుని ఉంటుంది. జిల్లా ఆసుపత్రి పడమటి కొసన కొండాపూర్‌లో ఉంది. కలెక్టరేట్ మాత్రం 2022లో ఇబ్రహీంపట్నం మండలంలోని కొంగరకలాన్‌కు వచ్చింది. దరఖాస్తు ఇవ్వడానికి దగ్గర, రోగిని చూపించడానికి దూరం అన్నమాట. అదే ఏడాది ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మంది మహిళల్లో నలుగురు చనిపోయారు. మిగతావారిని పరిశీలన కోసం నిమ్స్‌కూ, ఒక కార్పొరేట్ ఆసుపత్రికీ తరలించారు. సాగర్ రోడ్డు మీద ఎల్బీనగర్ దాటాక, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట రద్దీలో అంబులెన్స్ ఎంత హారన్ కొట్టినా దారి దొరకడం కష్టం. కొత్తపేటలో ఆసుపత్రి ఉంటే ఆ రద్దీకి ముందే ఆగవచ్చు.

ఈ చోటు కలిసిరావడానికి మొదటి కారణం భూమి. ఇరవై ఎకరాలకు పైగా ఒకే చెక్కగా ఉన్న సర్కారు స్థలం నగరంలో దొరకడం అరుదు. ఎదుటే విజయవాడ హైవే ఉంది, పక్కనే విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ ఉంది. మార్కెట్‌కు మాత్రం ఆ హైవేనే ఇరుకైపోయింది. మామిడి సీజన్ వస్తే లారీలు, డీసీఎంలు రోడ్డు మీద బారులు తీరేవి. కాయల కింద పరిచిన వరిగడ్డి గేటు బయటిదాకా చెదిరేది.

కానీ ఖాళీ స్థలమేమీ కాదది. 1986 నుంచి నడుస్తున్న మార్కెట్. 2021లో దాన్ని ఔటర్ రింగు రోడ్డు అవతల బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కుకు మార్చినప్పుడు, అక్కడ సరైన వసతులు లేవంటూ కమీషన్ ఏజెంట్లు హైకోర్టుకెళ్లారు. 2022 మార్చిలో పాత షెడ్లు నేలమట్టమయ్యాయి. శాశ్వత మార్కెట్‌కు కొహెడను ఎంచుకున్నారు. బాటసింగారం, కొహెడ రెండూ ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోవే. ఆసుపత్రి ఈ ప్రాంతానికి కొంత దగ్గరైతే, పండ్ల వ్యాపారం ఏకంగా ఇక్కడికే వచ్చింది. హమాలీలు, చిల్లర బండ్లవాళ్లు పాత కొత్తపేట చుట్టూ అల్లుకున్న బతుకుదెరువు సంగతి మాత్రం స్థల పరిశీలనలో పెద్దగా లెక్కకు రాలేదనిపిస్తుంది.

తెలంగాణలో పెద్దాసుపత్రులకు చోటు ఎక్కువగా ఇలాగే దొరుకుతోంది. వరంగల్‌లో సెంట్రల్ జైలును పడగొట్టి 2021లో శంకుస్థాపన చేశారు. ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఆవరణను వాడుకున్నారు. మూసీ ఒడ్డునున్న ఉస్మానియా పాత భవనాన్ని కూల్చాలన్న 2015 నాటి ప్రతిపాదనను వారసత్వ కట్టడాల అభిమానులు అడ్డుకున్నారు. 2020 జూలైలో అదే భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. చివరకు కొత్త ఉస్మానియాకు 2025 జనవరి 31న గోషామహల్ పోలీసు మైదానంలో పునాది వేశారు. ట్రాఫిక్ పెరుగుతుందని అక్కడి బస్తీల వాళ్లు వద్దన్నారు. పాత భవనం ఉన్న అఫ్జల్‌గంజ్‌కు అలవాటుపడ్డ రోగులకు మాత్రం అది నడకదూరమే.